కరెంటు పోతే నీళ్లెక్కడికి?

బరంపురంలోని గోసాని నువాగాం నుంచి గోపాలపురం సముద్రం పదిహేను పదహారు కిలోమీటర్లు ఉంటుంది. బండి వెనక డబ్బాలు కట్టుకుని వెళ్లి నీళ్లు పట్టుకొచ్చేంత దగ్గర. కాబట్టి ఇక్కడ ఎవరైనా ఇంట్లో ఉప్పునీటి చేపలు పెంచుతానంటే చుట్టుపక్కలవాళ్లు పెద్దగా వింతపడరు. చిక్కంతా కరెంటు దగ్గర వస్తుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను తీరం దాటింది గోపాలపురం దగ్గరే. 1999 అక్టోబరు చివర ఒడిశాను ముంచిన పెను తుపానుకు పదిపన్నెండు రోజుల ముందు ఇంకో తుపాను ఇదే గంజాం తీరాన్ని కొట్టింది. 2018లో తిత్లీ కాస్త దక్షిణంగా పలాస వైపు దాటినా ఈ జిల్లాను వదల్లేదు. తుపాన్ల మాట అలా ఉంచినా, ఎండాకాలం మధ్యాహ్నాలు చెప్పాపెట్టకుండా పోయే కరెంటు గురించి ఇక్కడివాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

అద్దాల తొట్టె కింద, బల్ల లోపల, ఎవరికీ కనబడకుండా ఉండే రెండో తొట్టెను సంపు అంటారు. పై తొట్టెలో నీళ్లు ఒక అంచు దాటి పైపులోంచి కిందికి జారతాయి. సంపులో రెండు మూడు గదులు దాటి శుభ్రపడతాయి. చివరి గదిలోని మోటారు వాటిని మళ్లీ పైకి తోస్తుంది. ఇంతకు మించి అందులో మాయ లేదు. పాత తొట్టె ఒకటి, నాలుగు గాజు పలకలు, సిలికాన్ ట్యూబు, కాసిని పీవీసీ పైపులు ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. తయారు సంపు ఖరీదులో కొంతభాగమే అవుతుంది. అయితే చాలామంది దీన్ని మోటారు నడుస్తున్నప్పుడు ఎలా ఉండాలో చూసి కడతారు. కొలతలు వేయాల్సింది మోటారు ఆగినప్పటికి. మన ఊళ్లలోనైతే ఇది మరీ ముఖ్యం.

ఈ ఏర్పాటు నూటయాభై ఏళ్ల నాటిది. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ అక్వేరియం కట్టినప్పుడు, జనం డబ్బిచ్చి చూసే తొట్టెలన్నింటిలోని నీటికి ఎన్నో రెట్ల నీటిని నేల కింద చీకటి కుండంలో దాచాడు. ఆవిరి యంత్రం ఆ నీటిని పైకి తోడితే, తొట్టెలన్నీ తిరిగి అది కుండంలోకి దిగేది. చీకట్లో నాచు పట్టదు, నేల కింద వేడెక్కదు, నీరు ఎక్కువ గనక చెడటానికి చాలాకాలం పడుతుంది. సముద్రానికి దూరంగా ఉన్నవాడికి తట్టిన ఉపాయం అది. 1909లో మద్రాసు మెరీనా ఒడ్డున, మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ ఆధ్వర్యంలో అక్వేరియం తెరిచినప్పుడు సముద్రం వాళ్ల గుమ్మం ముందే ఉంది. అప్పటికి మన గంజాం జిల్లా కూడా మద్రాసు రాజధానిలోదే. ఆ అక్వేరియం రెండో ప్రపంచయుద్ధ కాలంలో మూతపడింది.

ఇక మన లెక్కకు వద్దాం. బజారులో మామూలుగా దొరికే నాలుగడుగుల తొట్టె తీసుకుందాం: 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. పైన 5 సెంటీమీటర్లు ఖాళీ వదిలి నింపితే 216 లీటర్లు పడతాయి. దాని కింద 90 పొడవు, 35 వెడల్పు, 40 ఎత్తు ఉన్న పాత తొట్టెను సంపుగా పెట్టి 22 సెంటీమీటర్ల మట్టానికి నీళ్లుంచితే ఇంకో 69 లీటర్లు. మొత్తం 285. రాతి వెనక ఒక చేప చచ్చి కుళ్లిందనుకోండి, అందులోంచి వచ్చే విషం 216 లీటర్లకు బదులు 285 లీటర్లలో పలచబడుతుంది. సంపు చేసే మొదటి మేలు ఇదే. ఇందుకు ఏ పరికరమూ అక్కర్లేదు.

ఆ విషం పేరు అమ్మోనియా. చేపల మొప్పల నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి ఎప్పుడూ పుడుతూనే ఉంటుంది. నీటిలో ఇది రెండు రూపాల్లో ఉంటుంది, వాటిలో ఒకటి పెద్దగా కీడు చెయ్యదు, రెండోది చంపుతుంది. ఏది ఎంత అనేది నీటి పీహెచ్ తేలుస్తుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటిలో చంపే రూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. అక్కడ అది పది రెట్లకు పైగా పెరుగుతుంది. గోల్డ్ ఫిష్ పెంచి అలవాటైనవాళ్లు ఉప్పునీటి తొట్టె పెట్టి మొదటి నెలలోనే చేపల్ని పోగొట్టుకోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

దీనికి విరుగుడు బాక్టీరియా దగ్గర ఉంది. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారిస్తే, ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో వీటిని విడదీసి చూపించాడు. వీటికి కావలసినవి రెండే: అంటుకోవడానికి చోటు, పీల్చడానికి ఆక్సిజన్. చోటు కోసం డబ్బు తగలెయ్యనక్కర్లేదు. గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు ఉండలు ఒక బుట్ట నిండా వేస్తే చాలు (స్టీలు పీచు పొరపాటున కూడా వద్దు, సబ్బు కలిపి అమ్మేదీ వద్దు). ఆక్సిజన్ విషయంలో మాత్రం ఉప్పునీరు పిసినారి. 28 డిగ్రీల దగ్గర లీటరు మంచినీరు దాదాపు 7.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకుంటే, సముద్రపు నీరు 6.4 దగ్గరే ఆగిపోతుంది. అందుకే నీళ్లు పైనుంచి సంపులోకి దూకుతూ, చిమ్ముతూ, గాలి కలుపుకుంటూ దిగడం కంటికి గజిబిజిగా ఉన్నా మంచిదే. ఈ బాక్టీరియా మెల్లగా పెరుగుతాయి. కొత్త సంపు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఆ లోపు చేపలు వెయ్యకూడదు.

గాలి వీచే రోజున గోపాలపురం ఒడ్డున ఇసుక మీద తెల్లటి నురగ బారులు తీరి ఉంటుంది. ఆ నురగలో పాచి, జిగురు, చచ్చిన జీవుల నుంచి వచ్చిన ప్రోటీన్లు ఉంటాయి. ఇలాంటి అణువుల్లో చాలావాటికి ఒక కొసకు నీళ్లంటే ఇష్టం, ఇంకో కొసకు పడదు. అందుకని అవి గాలీ నీరూ కలిసే చోటికి చేరి బుడగను పట్టుకుంటాయి. ప్రోటీన్ స్కిమ్మర్ అనే పరికరం చేసేది అచ్చంగా ఇదే. నిలువు గొట్టంలో సన్నటి బుడగల్ని వదిలితే, అవి మురికిని అంటించుకుని పైకి తేలి, టీ డికాక్షన్ రంగు నురగగా పై గిన్నెలో పడతాయి. మురికి కుళ్లి అమ్మోనియా కాకముందే బయటికి పోతుంది. మంచినీటి తొట్టెలో ఇది సరిగా పనిచెయ్యదు. ఉప్పునీటిలో బుడగలు ఒకదాంతో ఒకటి కలిసి పెద్దవి కావు, సన్నగానే మిగులుతాయి. మంచినీటిలో వెంటనే కలిసిపోతాయి. మూడంగుళాల పీవీసీ పైపు, గాలి మోటారు, సన్నటి రంధ్రాల చెక్క ముక్క పెట్టి ఇంట్లోనే స్కిమ్మర్ చేసుకున్నవాళ్లున్నారు. పనిచేస్తుంది, కానీ ఆ చెక్క ముక్కను కొన్ని వారాలకోసారి మార్చాలి. నన్నడిగితే చెయ్యి తిరిగేదాకా సంపు ఒక్కటే కట్టుకుని, స్కిమ్మర్‌కు చోటు మాత్రం వదిలిపెట్టడం మేలు.

ఇక కట్టడం. సంపులో అడ్డు పలకలకు 5 మిల్లీమీటర్ల అద్దం సరిపోతుంది. రెండో గదికీ మోటారు గదికీ మధ్య మూడు పలకలు దగ్గరదగ్గరగా, నాలుగేసి సెంటీమీటర్ల ఎడంతో నిలబెట్టాలి. మొదటి పలక మీదుగా నీళ్లు పొర్లుతాయి, రెండో దాని కింద నుంచి దూరతాయి, మూడో దాని మీదుగా మళ్లీ పొర్లుతాయి. నేను కొలతల చీటీ ఇస్తే అద్దాల కొట్టు పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటి బాబూ, మధ్యది పొట్టిగుంది. కిందకి ఆనదేటి?"

"ఆనకూడదండీ. దాని కింద నుంచే నీళ్లు పోవాలి."

"మరి సిలికాన్ ఆరీదాకా గాల్లో నిలబడతాదేటి?"

అని, కోతలో మిగిలిన అద్దం ముక్కలు కొన్ని కాగితంలో చుట్టి ఇచ్చాడు. 5 మిల్లీమీటర్ల ముక్కలు అయిదు పేరిస్తే అంగుళం ఎత్తవుతుంది. మధ్య పలకను వాటి మీద నిలబెట్టి రెండు పక్కలా సిలికాన్ పూసి, గట్టిపడ్డాక ముక్కలు లాగేస్తే కింద అంగుళం సందు మిగులుతుంది. ఏ పుస్తకంలోనూ ఇంత తేలిక దారి నాకు కనబడలేదు.

ఈ మూడు పలకల పని బుడగల్ని ఆపడం. లేకపోతే అవి మోటారులో పడి, పై తొట్టెలోకి దుమ్ములా చేరతాయి. ఒక మిల్లీమీటరు బుడగ నీటిలో సెకనుకు దాదాపు 10 సెంటీమీటర్ల వేగంతో పైకి పోతుంది. గంటకు 1500 లీటర్లు పారితే, 35 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల ఎడం ఉన్న సందులో నీరు కిందికి దిగే వేగం సెకనుకు 3 సెంటీమీటర్లు. బుడగే గెలుస్తుంది. మోటారు పెద్దదైపోతేనో, సందు ఇరుకైపోతేనో నీరు గెలుస్తుంది. అందుకే గంటకు మొత్తం నీటికి అయిదారు రెట్లు తిరిగితే చాలు, ఇరవై రెట్లు తిప్పే మోటారు సంపుకు అనవసరం.

సిలికాన్ కొనేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం తీసుకోవాలి. ఆ వాసన ఆరేటప్పుడు వెలువడే ఎసిటిక్ ఆమ్లానిది, ఆరాక పోతుంది. బాత్రూములకని బూజు పట్టకుండా మందు కలిపిన రకం చేపలకు పనికిరాదు. అద్దం తొట్టె దొరకనివాళ్లు ప్లాస్టిక్ టబ్బు వాడతారు. అందులో అడ్డు పలకలు నిలవవు, ఎందుకంటే సిలికాన్ ఆ ప్లాస్టిక్‌కు అంటుకోదు, నీళ్ల బరువుకు టబ్బు పక్కలు ఉబ్బుతాయి కూడా. అలాంటప్పుడు టబ్బులో ఒక బకెట్ ఉంచి, పై నీళ్లు బకెట్‌లో పడి, పీచు ఉండల గుండా పొంగి టబ్బులోకి పొర్లేలా చేస్తే అదే సంపు. అందం తక్కువే, ఎలాగూ బల్ల తలుపు వేసే ఉంటుంది.

ఇప్పుడు కరెంటు తీసేద్దాం. మోటారు ఆగింది. పై తొట్టెలో అంచు మీదున్న నీరంతా కిందికి జారుతుంది. అంచు దాకా దిగే మట్టం 3 సెంటీమీటర్లనుకుంటే 16 లీటర్లకు పైచిలుకు, పైపుల్లోది కలిపితే 18. సంపులో అది దాదాపు 6 సెంటీమీటర్లు లేస్తుంది: 22 కాస్తా 28 అవుతుంది. సంపు ఎత్తు 40. నిశ్చింతగా నిద్రపోవచ్చు.

అయితే నీళ్లు పైకి తెచ్చే పైపు కొస ఎంత లోతులో ఉందో చూసుకోకపోతే ఈ లెక్క తలకిందులవుతుంది. మోటారు ఆగగానే ఆ పైపు సైఫన్‌లా మారి, తన కొస బయటపడేదాకా నీటిని వెనక్కి లాగుతుంది. కొస 15 సెంటీమీటర్ల లోతులో ఉంటే దిగే నీరు 81 లీటర్లు. సంపులో ఖాళీ అందులో మూడింట రెండు వంతులకన్నా కాస్తే ఎక్కువ, 57 లీటర్లు. మిగిలిన పాతిక లీటర్ల ఉప్పునీరు తెల్లారేసరికి గది గచ్చు మీద ఉంటుంది. దీనికి మందు పైసా ఖర్చులేనిది: పైపుకు నీటి మట్టానికి కాస్త దిగువన చిన్న రంధ్రం పెడితే, మట్టం అక్కడికి దిగగానే గాలి దూరి సైఫన్ తెగుతుంది. ఆ రంధ్రంలో నాచు పెరుగుతుంది, నత్తలు దూరతాయి, అందుకని పక్కనే రెండోది కూడా పెట్టి, నెలకోసారి పుల్లతో పొడవాలి. దీనికి బదులు ఎదురు నీటిని ఆపే వాల్వ్ ఒకటి బిగించి ఊరుకునేవాళ్లున్నారు. ఉప్పు పేరుకుని, ఒక నత్తగుల్ల అడ్డుపడితే ఆ వాల్వ్ మూసుకోదు. దాన్ని నమ్ముకుని సంపును చిన్నదిగా కట్టడం నాకు సమ్మతం కాదు.

రెండో ప్రమాదం ఇందుకు తిరగబడినది. పై నుంచి దిగే దారి మూసుకుపోయి మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటే? మోటారు గదిలో ఎన్ని నీళ్లుంటే అన్నీ పైకి పోతాయి. ఆ గది 30 సెంటీమీటర్ల పొడవు, 20 లోతు అయితే 21 లీటర్లు. పై తొట్టెలో ఖాళీ 27 లీటర్లు గనక పొర్లదు. అంటే మోటారు గది ఎప్పుడూ పై ఖాళీకన్నా చిన్నదిగా ఉండాలి. తొట్టె గాజుకు రంధ్రం పెట్టి దిగుడు పైపు బిగించడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. వజ్రపు పొడి అతికిన బిట్టుతో, నీళ్లు పోస్తూ, మెల్లగా కొయ్యాలి. ముందుగా అది టఫెన్డ్ గాజు కాదని తెలుసుకోవాలి. అయితే గనక బిట్టు తగలగానే గవ్వల్లా రాలిపోతుంది. రంధ్రం పెట్టే ధైర్యం లేక, అంచుకు తగిలించే సైఫన్ డబ్బా వాడేవాళ్లు మాత్రం కరెంటు వచ్చినప్పుడల్లా అది మళ్లీ అందుకుందో లేదో చూసుకుంటూ ఉండాలి. రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయి వచ్చే చోట అది కుదిరే పని కాదు.

నీరు ఆవిరవుతుంది, ఉప్పు అవదు. సంపు లేని తొట్టెలో 4 లీటర్లు ఆవిరైతే మట్టం ముప్పాతిక సెంటీమీటరు దిగుతుంది, కంటికి ఆనదు. సంపులో అడ్డు పలకలు మిగతా గదుల మట్టాన్ని కదలనివ్వవు కాబట్టి లోటంతా మోటారు గదిలోనే కనబడుతుంది: దాదాపు 4 సెంటీమీటర్లు. ఆ గది గాజు మీద మార్కర్‌తో గీత గీసి, రోజూ దాని దాకా మంచినీళ్లు పొయ్యాలి, ఉప్పునీళ్లు కాదు. రోజుకు 4 లీటర్ల చొప్పున వారం పాటు ఎవరూ పోయకపోతే 35 ఉన్న లవణీయత 39కి చేరుతుంది.

ఈ ఆవిరిలోనే ఒక లాభమూ ఉంది. ఒక లీటరు నీరు ఆవిరవడానికి తీసుకునే వేడి, 285 లీటర్ల నీటిని రెండు డిగ్రీలు చల్లబరచగలదు. మే నెలలో సంపు మీదికి చిన్న టేబుల్ ఫ్యాను తిప్పితే ఖరీదైన చిల్లర్ లేకుండానే చాలావరకు గట్టెక్కవచ్చు. సముద్రపు గాలి తేమతో బరువెక్కిన రోజున మాత్రం ఫ్యాను అంత పని చెయ్యదు.

గోపాలపురం నుంచి నీళ్లు తెచ్చుకునేవాళ్లు నెల చూసి వెళ్లాలి. వానాకాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానదులు బంగాళాఖాతంలో పోసిన మంచినీరు, వానలు వెనకబట్టాక తీరం వెంట దక్షిణానికి సాగే ప్రవాహంలో ఒడిశా, ఉత్తరాంధ్ర ఒడ్డుల మీదుగా పోతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఒడ్డు నీటిలో ఉప్పు బాగా తక్కువ. ఫిబ్రవరి నుంచి మే దాకా ప్రవాహం ఉత్తరానికి మళ్లి, ఉప్పదనం పెరుగుతుంది. తెచ్చుకుంటే అప్పుడే తెచ్చుకోవాలి, రుషికుల్య నదీ ముఖానికి దూరంగా. హైడ్రోమీటరు 1.025 దగ్గర నిలిస్తే సరి. నాలుక మీద వేసుకుని చూసి ఉప్పగానే ఉందనుకుంటే అది కొలత కాదు.

డబ్బు మిగుల్చుకోకూడని చోటు ఒకటే, మోటారు. ఎయిర్ కూలర్ మోటారు చవగ్గా దొరుకుతుంది, ఆకారమూ అలాగే ఉంటుంది. కానీ దాని ఇరుసు ఇనుముదైతే తుప్పు పడుతుంది, లోపలి రాగి తీగ నీటిని తాకితే రొయ్యలు, నత్తలు బతకవు. సీల్ పాడైతే నీటిలోకి కరెంటు వస్తుంది. సిరామిక్ ఇరుసు ఉన్న అక్వేరియం మోటారే కొనాలి. ప్లగ్గుకు వెళ్లే తీగ సాకెట్ కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి లేవాలి, అప్పుడు తీగ మీద జారిన చుక్కలు కిందనే రాలిపోతాయి. ఆ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. జీఐ ఫిట్టింగులు, ఇత్తడి వాల్వులు ఈ నీటి దగ్గరికి రానివ్వకూడదు.

సంపులో సముద్రపు రాళ్లు, పగడపు ముక్కలు వెయ్యమని పాత పుస్తకాలు చెబుతాయి. గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. మన దిబ్బల నుంచి తీసినవి అమ్మినా కొన్నా నేరమే. సిమెంటులో గవ్వపొడి కలిపి పోసుకున్న ముద్దలు, వారాల తరబడి నీళ్లు మార్చి సున్నపు ఘాటు పోగొడితే, బాక్టీరియాకు అంతే బాగా పనికొస్తాయి. మధ్య గదిలో సముద్రపు నాచు పెంచి, పై తొట్టెలో దీపం ఆర్పాక రాత్రిపూట దానికి వెలుగిస్తే అది నైట్రేట్‌ను తింటుంది, రాత్రి పీహెచ్ పడిపోకుండానూ చూస్తుంది. చిలికలో పెరిగే గ్రాసిలేరియా జాతి నాచులు ఇందుకు బాగా పనికొస్తాయి.

సిలికాన్ వారం ఆరాక సంపునూ తొట్టెనూ ముందు కుళాయి నీళ్లతోనే నింపాలి. మోటారు వేసి, మట్టం నిలకడపడ్డాక సంపు గాజు మీద ఒక గీత గియ్యాలి. తర్వాత ప్లగ్గు పీకేసి, నీరు లేవడం ఆగేదాకా చూసి రెండో గీత గియ్యాలి. రెండో గీతకూ సంపు అంచుకూ మధ్య నాలుగు వేళ్ల ఎడం లేకపోతే, పైపు రంధ్రాన్ని పైకి జరపాలి లేదా సంపులో నీళ్లు తగ్గించాలి. సైఫన్ రంధ్రాన్ని వేలితో మూసి కూడా ఒకసారి ప్లగ్గు పీకి చూడాలి, చెయ్యి మాత్రం గచ్చు తడవకముందే తియ్యాలి. అవన్నీ సరిపోయాక ఆ నీళ్లు పారబోసి ఉప్పు లెక్క వేసుకోవచ్చు. కొనుక్కున్న సముద్రపు ఉప్పుతో చేసుకునేవాళ్లకు 285 లీటర్లకు సుమారు 10 కిలోలు పడుతుంది. వంటింటి ఉప్పులో మెగ్నీషియం, కాల్షియం ఉండాల్సినంత ఉండవు గనక అది ఇక్కడ చెల్లదు.